మొత్తం కాస్తా మొతం అయింది

ఈ నెల ఒకటో తారీఖు నుంచి కొత్త ఉద్యోగం. వెబ్ డెవలపర్‌గా పద్నాలుగేళ్లలో ఇది నాలుగోది. తెలిసినవాళ్లు ఫోన్ చేసి "హైక్ ఎంతరా?" అని అడుగుతున్నారు. హైక్ లేదు. జీతం పాతిక శాతం తగ్గింది.

పాత కంపెనీవాళ్లు టీమ్ లీడ్ చేస్తామన్నారు. అయితే వారానికి మూడు రోజులు బెంగళూరు ఆఫీసులో కనబడాలి. పర్లాకిమిడిలో ఉంటూ అదెలా కుదురుతుందో వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు రోజులు ఆలోచించి రాజీనామా మెయిల్ కొట్టేశాను. మా ఆవిడ పప్పుకి తాలింపు వేస్తూ "ఇంటి లోను ఇంకా ఆరేళ్లుంది, గుర్తుందా?" అంది. గుర్తుందన్నాను. "సరే, పీఎఫ్ డబ్బుల జోలికి మాత్రం వెళ్లకండి" అని మూత పెట్టేసింది. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలకి అంతకన్నా మీటింగులు ఉండవు.

మా ఊరు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు పడ్డాం, పక్కనే, ఇప్పుడు ఆంధ్రాలో ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. మా ఆవిడ అక్కడి ప్రైవేటు స్కూల్లో టీచరు, రోజూ స్కూటీ మీద రాష్ట్రం దాటి వెళ్తుంది. మా పాప ఇక్కడ చదువుతోంది. రథయాత్రకి పాపకి సెలవు, వాళ్లమ్మకి బడి. సంక్రాంతికి వాళ్లమ్మకి వారం రోజులు, పాపకి అన్ని ఉండవు. అందుకే ఫ్రిజ్ మీద రెండు సెలవుల జాబితాలు అంటించి ఉంటాయి. ఏ సెలవైనా ఇంట్లో ఉండే మనిషిని నేనే కాబట్టి రెండూ నాకే నోటికొచ్చు.

నేను వెబ్ డెవలపర్ని అని చెబితే మా నాన్న ఇప్పటికీ "వీడూ బోర్డులే రాస్తాడు" అంటాడు. ఆయన నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాశాడు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాయాలి. ముందు సుద్ద రాసిన దారాన్ని బోర్డుకి అడ్డంగా బిగించి పట్టి, వేలితో లాగి వదిలేవాడు. టప్‌మని తెల్లగా గీత పడేది. ఇంగ్లీషు వరసకి పైన ఒకటి, కింద ఒకటి, రెండు గీతలు చాలు. తెలుగుకి మాత్రం కింద ఇంకో గీత కొట్టేవాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే "ఒత్తులు ఎక్కడ కూర్చుంటాయిరా, నీ నెత్తి మీదా?" అన్నాడు. లక్ష్మీ ఫ్యాన్సీ స్టోర్స్ అని రాయాలంటే ఎన్ని ఒత్తులు పడతాయో ఓసారి లెక్కపెట్టి చూడండి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, ఆయన రంగు డబ్బాలు అటకెక్కాయి.

2011లో విశాఖలో మొదటి ఉద్యోగం. స్కూళ్లకీ, కల్యాణ మండపాలకీ వర్డ్‌ప్రెస్ సైట్లు చేసేవాణ్ని. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. జీతం రెండు నెలలకోసారి వచ్చేది. 2014లో బెంగళూరు వెళ్లాను, జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను, అందరిలాగే దాని లైబ్రరీ రియాక్ట్‌లో పడ్డాను.

నా దారి మారింది 2018 ఫిబ్రవరిలో. ఒకరోజు పొద్దున్నే మా మేనేజరు తన ఐఫోన్ పట్టుకొచ్చి "నీ భాష నా ఫోన్ చంపేసింది" అన్నాడు. ఎవరో ఆయనకి వాట్సాప్‌లో ఒక్క అక్షరం పంపారు. మన "జ్ఞా". అది తెర మీదకి రాగానే యాప్ మూసుకుపోతోంది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తమే తిరగబడుతోంది. మనం మామూలుగా జ్ఞానం, విజ్ఞానం అని రాసుకుంటే ఏమీ కాదు. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని అక్షరం ఒకటి దూర్చారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నిజానికి మనకి రోజూ పనికొచ్చేదే. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు వే కాస్తా ట కింద ఒత్తుగా దూరిపోకుండా ఆపేది అదే. ఉండకూడని చోట అది కనబడేసరికి ఆ అక్షరాన్ని గీసే కోడు తికమకపడింది. ఆపిల్ వాళ్లు ఫిబ్రవరి 19న ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేశారు.

ఆ నాలుగైదు రోజులూ ఆఫీసులో నేనే భాషాశాఖ. తప్పు భాషది కాదు, దాన్ని గీసిన కోడుదని కనబడ్డవాళ్లందరికీ బోర్డు మీద గీసి చూపించాను. ఆ తర్వాత భారతీయ భాషల పేజీల పని ఏదొచ్చినా నా బల్ల మీదకే తోసేవారు. మొదట విసుక్కున్నాను. ఇప్పుడు అదే నా అన్నం.

మొదట వచ్చి పడింది ఒక పేమెంట్ పేజీ. తెలుగులోకి మార్చాక చూస్తే "మొత్తం" అని ఉండాల్సిన చోట "మొతం" అని ఉంది. "రద్దు" బటన్ మీద "రదు". బటన్ ఎత్తు ఇంగ్లీషుకి సరిపడా బిగించేశారు, హద్దు దాటిన భాగాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టారు, కింద ఒత్తులన్నీ కోసుకుపోయాయి. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నాన్నకి చూపిస్తే, "కింద కాళ్లు నరికేశారేట్రా! మూడో గీత కొట్టలేదా?" అన్నాడు. ఎత్తు బిగించకుండా మిన్-హైట్ (కనీస ఎత్తు) ఇవ్వడం, తెలుగుకి లైన్-హైట్ (వరస ఎత్తు) విడిగా పెంచడం, లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) తీసేయడం... నేను చేసింది ఆ మూడో గీత కొట్టడమే.

ఆ బటన్ ఎవరైనా వాడుకోగల ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీలోది. వాళ్లకి స్క్రీన్‌షాట్లతో ఇష్యూ (ఫిర్యాదు) రాశాను. దీనివల్ల ఇంగ్లీషు బటన్లు రెండు పిక్సెళ్లు పెరుగుతాయని ఒకాయన అడ్డం పడ్డాడు. థాయ్ భాష రాసే ఒకావిడ, మాకు పైన కూడా తెగుతోందని నా పక్కన నిలబడింది. పదకొండు లైన్ల మార్పు లోపలికి వెళ్లడానికి ఐదు నెలలు పట్టింది. ఆవిణ్ణి ఇంతవరకూ చూడలేదు, ఇప్పటికీ ఒకరి కోడు ఒకరం చూసి పెట్టుకుంటాం.

దీని మీద విశాఖలో ఒక మీటప్‌లో మాట్లాడాను. జీవితంలో మొదటి టాక్. నా లాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి కలవకపోతే నిర్వాహకుల లినక్స్ లాప్‌టాప్ వాడాం. అందులో తెలుగు ఫాంటే లేదు. స్లైడ్ల నిండా అక్షరాలకి బదులు ఖాళీ డబ్బాలు. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు, ఆ తర్వాత అందరూ, చివరికి నేనూ నవ్వేశాను. నేను చెప్పాలనుకున్నది ఆ డబ్బాలే సగం చెప్పేశాయి.

ఈ మధ్యలోనే, 2018 అక్టోబర్ 11న, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడింది. బెంగళూరులో కూర్చుని నాలుగు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాను, కలవలేదు. ఇంటికి వచ్చి చూస్తే పెరట్లో కొబ్బరిచెట్టు వంటింటి మీద పడి ఉంది, అమ్మానాన్నా ముందుగదిలో చద్దన్నం తింటున్నారు. తిరిగొచ్చేద్దామని అప్పుడే అనుకున్నాను. కానీ వచ్చింది 2020 మార్చిలో, అందరితోపాటు. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు ఆదివారాలు ముందుగదిలో ఆరుగురు బీసీఏ పిల్లలకి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చెబుతున్నాను. ఫీజు లేదు, కరెంటు పోతే క్లాసు లేదు. నా ఒడియా విని నవ్వుతారు. ఫాంట్లు మార్చడం గూగుల్ ఫాంట్స్‌లోని "గిడుగు"తో మొదలుపెడతాను. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసింది మా ఊళ్లోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసిందని అలిగి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేరు ఇలా కంప్యూటర్లో తిరుగుతోందంటే పిల్లలు ముందు నమ్మలేదు.

పోయిన నెల వాళ్లలో ఒక సవర అమ్మాయి తన ఫోన్ చూపించింది. ఏదో పేజీలో అన్నీ డబ్బాలే. నాకు విశాఖ గుర్తొచ్చింది. అది సవర భాష రాసే సొరాంగ్ సొంపెంగ్ లిపి. మంగేయ్ గొమాంగో దాన్ని తయారుచేసిందీ 1936లోనే. కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లోకి మాత్రం 2012లో వచ్చింది. నోటో ఫాంట్ దించి, నాలుగు లైన్ల సీఎస్ఎస్ రాసి, ఆ మాటల్నే మా క్లాసు పేజీలో పెట్టాం. డబ్బాలు పోయి అక్షరాలు నిలబడ్డాయి. నాకు ఒక్కటీ తెలియదు. ఆ అమ్మాయి వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది, తర్వాత వాళ్ల నాన్నకి వీడియో కాల్ చేసి తెర చూపించింది.

ఇదంతా గుమ్మంలో నిలబడి చూసిన మా నాన్న, అటక మీంచి రంగు డబ్బాలు దింపాడు. గదికి బోర్డు రాస్తాడట. ఏం పేరు పెట్టాలో ఇంకా తేలలేదు. మా పాప మాత్రం రోజుకో పేరు చెబుతోంది. పోయిన ఆదివారం ఆయన వరండాలో రేకు పరిచి, దారం బిగించి, ఒడియాకీ తెలుగుకీ ఇంగ్లీషుకీ గీతలు కొట్టాడు. ఆ తర్వాత ఆ అమ్మాయిని పిలిచాడు.

"మీ అక్షరాలకి కింద ఒత్తులుంటాయేటమ్మా?"

"లేవు తాతా."

"అయితే రెండు గీతలు చాలు" అని దారానికి మళ్లీ సుద్ద పట్టించాడు.