డాబా మీది వానలెక్కకు హెచ్2 డేటాబేస్: మూడు వారాల పని

మా ఇంటి డాబా మీద పెట్టిన వర్షమాపకం లెక్కలను ఇంతకాలం ఒక సాదా టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటూ వచ్చాను. ఆ వర్షమాపకంలో రెండు చిన్న గిన్నెలు ఉయ్యాల బల్లకు రెండు కొసల్లా ఉంటాయి. ఒక గిన్నె నిండి ఒరిగితే 0.2794 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు లెక్క. ఆ కదలికకు లోపలి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకు వస్తే మూసుకునే చిన్న స్విచ్) క్షణకాలం మూసుకుంటుంది, మెట్ల గదిలోని రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్; ఇక మీదట దీనిని "పై" అంటాను) మీద నడిచే నా జావా ప్రోగ్రాం దానిని గమనించి సమయంతో సహా ఒక వరుస రాస్తుంది. రాయడంలో ఇబ్బంది ఏమీ లేదు. ఫైలు పెద్దదయ్యాక, వాతావరణ శాఖ పద్ధతిలో ఉదయం 8:30 నుంచి మరునాటి 8:30 వరకు మొత్తం తీయాలంటే ప్రతిసారీ ఫైలంతా చదవవలసి వచ్చేది. అందుకే ఈ నెలలో లెక్కలను డేటాబేస్‌లోకి మార్చాను.

ఒక్క ప్రోగ్రాం కోసం పోస్ట్‌గ్రెస్ వంటి ప్రత్యేక డేటాబేస్ సర్వీసును నడపడం అనవసరమనిపించి హెచ్2 అనే జావా డేటాబేస్‌ను ఎంచుకున్నాను. హైపర్‌సోనిక్ ఎస్‌క్యూఎల్ అనే పాత డేటాబేస్‌ను రాసిన థామస్ ముల్లర్ తరువాత మొదలుపెట్టినది ఇది. పేరులోని 2 కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒకే ఒక జార్ ఫైలును (జావా కోడ్ మూట) ప్రోగ్రాంతో కలిపితే డేటాబేస్ ఆ ప్రోగ్రాం లోపలే నడుస్తుంది. ఈ "లోపలే" అన్న మాటను నేను మొదట సరిగా పట్టించుకోలేదు. తరువాత ఎదురైన చిక్కుల్లో చాలా వరకు దానివల్లనే వచ్చాయి.

మొదటి వారం. జావా ప్రోగ్రాం డేటాబేస్‌ను చేరడానికి వాడే జేడీబీసీ చిరునామాలో ఫైలు దారిని టిల్డే (~) గుర్తుతో, అంటే యూజర్ సొంత ఫోల్డరైన హోమ్ డైరెక్టరీతో మొదలయ్యేలా ఇచ్చాను. చేతితో నడిపినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. సిస్టమ్‌డీ సర్వీసుగా (యంత్రం లేవగానే తానే నడిచేలా) మార్చిన తరువాత రెండు రోజులు వాన పడినా, నేను చూస్తున్న ఫైల్లో ఒక్క కొత్త వరుస కూడా చేరలేదు. సర్వీసు కోసం వేరే యూజర్‌ను సృష్టించాను కాబట్టి, ఆ గుర్తుకు అర్థం ఆ యూజర్ హోమ్‌గా మారి, అక్కడ అదే పేరుతో మరో ఎంవీ డాట్ డీబీ ఫైలు (హెచ్2 డేటా దాచే ఫైలు) పుట్టింది. వరుసలన్నీ అందులో భద్రంగానే ఉన్నాయి. ఇప్పుడు దారిని రూట్ నుంచి పూర్తిగా రాసి, చివర ఇఫ్ఎగ్జిస్ట్స్ ఈక్వల్స్ ట్రూ చేర్చాను. దీనివల్ల ఫైలు లేకపోతే ప్రోగ్రాం కొత్తది సృష్టించకుండా అక్కడే ఆగి తప్పు చెబుతుంది. ఈ ఒక్క మాట ప్రతివారూ మొదటి రోజే రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

రెండో వారమంతా బయటి నుంచి కనెక్ట్ కావడానికే సరిపోయింది. సర్వీసు నడుస్తుండగా, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌తో పైలోకి వెళ్లి, ఆదేశాలు టైప్ చేసే హెచ్2 షెల్‌తో అదే ఫైలును తెరవబోతే, డేటాబేస్ ఇప్పటికే వాడుకలో ఉండవచ్చునని 90020 తప్పు వచ్చింది. ఇది లోపం కాదు. ఫైలును తెరిచిన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) దానికి తాళం వేసుకుంటుంది, ఆ తాళమే లేకపోతే రెండు ప్రాసెస్‌లు చెరొక వైపు నుంచి రాసి ఫైలును పాడుచేస్తాయి.

మొదట ఆటో సర్వర్ అనే అమరికను ప్రయత్నించాను. చిరునామా చివర దానిని ట్రూ చేస్తే, ముందుగా తెరిచిన ప్రాసెస్ ఒక పోర్టు (కనెక్షన్లు వచ్చే, సంఖ్య గల ద్వారం) తెరిచి, దాని వివరాలను లాక్ డాట్ డీబీ అనే ఫైల్లో రాస్తుంది. తరువాత వచ్చినవారు అది చదివి ఆ పోర్టుకు వెళతారు. ఒకే యంత్రంలో ఇది చక్కగా పనిచేసింది. లాప్‌టాప్ నుంచి మాత్రం కుదరలేదు, ఎందుకంటే అక్కడికి ఆ లాక్ ఫైలే కనిపించదు.

చివరకు నిలిచిన పద్ధతి ఇది: నా ప్రోగ్రాం మొదలైనప్పుడే నెట్‌వర్క్ కనెక్షన్లు తీసుకునే హెచ్2 టీసీపీ సర్వర్‌ను 9092 పోర్టు మీద తానే ప్రారంభిస్తుంది, డేటా డైరెక్టరీని బేస్ డైరెక్టరీగా ఇస్తుంది. ఫైలు యాజమాన్యం ప్రోగ్రాం దగ్గరే ఉంటుంది, బయటివారు దాని అనుమతితో లోపలికి వస్తారు. ఇతర యంత్రాలను అనుమతించే టీసీపీ అలో అదర్స్ అమరికను నేను ఇవ్వలేదు. లాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (గుప్త దారి) వేసి, నా 9092ను పై లోని 9092కు కలిపితే, రాస్ప్‌బెర్రీ పైకి ఆ కనెక్షన్ తన లోపలి నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. చదవడానికి వేరే యూజర్‌ను సృష్టించి సెలెక్ట్ హక్కు ఒక్కటే ఇచ్చాను, నిర్వాహక ఖాతా అయిన ఎస్ఏ యూజర్‌కు పెద్ద పాస్‌వర్డ్ పెట్టాను. 2022 జనవరిలో బ్రౌజర్‌లో డేటాబేస్‌ను చూపే హెచ్2 వెబ్ కన్సోల్‌లో తీవ్రమైన భద్రతా లోపం బయటపడి 2.0.206 వెర్షన్‌లో సరిదిద్దారు కాబట్టి, కన్సోల్‌ను పై మీద అసలు నడపడం లేదు, అవసరమైనప్పుడు లాప్‌టాప్‌లోనే తెరుస్తున్నాను.

టన్నెల్ వేసిన మొదటి రాత్రి డేటాబేస్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను. డేటాబేస్ లేదని 90149 తప్పు వచ్చింది. హెచ్2 1.4.198 వెర్షన్ నుంచి, దూరం నుంచి కొత్త డేటాబేస్ సృష్టించడాన్ని మూసి ఉంచడం వల్ల, ఈసారి ఖాళీ ఫైలు పుట్టలేదు.

మూడో వారంలో పాత టెక్స్ట్ లెక్కలను చేర్చాను. వాటిని అంతకుముందు లాప్‌టాప్‌లో హెచ్2 పాత వెర్షన్ 1.4.200తో ఒక ఫైల్లోకి ఎక్కించి ఉంచాను. పై మీద ఉన్న 2.x వెర్షన్ ఆ ఫైలును తెరవలేదు, ఎందుకంటే రెండింటి ఫైలు రూపం వేరు. పాత జార్‌తో స్క్రిప్ట్ ఆదేశం నడిపి అంతా ఎస్‌క్యూఎల్‌గా బయటకు తీసి, కొత్త జార్‌లో రన్‌స్క్రిప్ట్‌తో, చివర ఫ్రమ్ 1ఎక్స్ అని చేర్చి ఎక్కించాను. ఆ తరువాత నా ప్రోగ్రాంలోని కొత్త వరుస చేర్చే ఇన్సర్ట్ వాక్యమే విఫలమైంది. కాలమ్‌కు వాల్యూ అని పేరు పెట్టుకున్నాను, 2.0 నుంచి అది కీవర్డ్, అంటే డేటాబేస్ తన కోసం ఉంచుకున్న మాట. కాలమ్ పేరును మిల్లీమీటర్లుగా మార్చాను.

రోజువారీ మొత్తానికి సమయంలోంచి 510 నిమిషాలు (ఎనిమిదిన్నర గంటలు) తీసివేసి తేదీగా మార్చి కూడుతున్నాను. శాఖ ఆ మొత్తాన్ని ముగిసిన ఉదయపు తేదీ కింద చూపుతుంది కాబట్టి ఒక రోజు కలపాలి. భారీ వర్షానికి కనీస హద్దు 64.5 మిల్లీమీటర్లు, అంటే మా గిన్నె 231 సార్లు ఒరగాలి.

ఇంత తక్కువ వరుసలు కనుకనే రైట్ డిలే విషయంలో వెనుకాడలేదు. హెచ్2 కమిట్ అయిన (ఖరారైన) వరుసను డిస్కుకు పంపడానికి మామూలుగా 500 మిల్లీసెకన్ల వరకు ఆగవచ్చు. మా వీధిలో కరెంటు పోయేది గాలివాన సమయంలోనే, నాకు అత్యంత అవసరమైన వరుసలు కూడా అప్పటివే. అందుకని దానిని 0 చేసి, పది నిమిషాలకొకసారి మిగిలినదంతా డిస్కుకు చేర్చే చెక్‌పాయింట్ సింక్ ఆదేశం నడుపుతున్నాను. కరెంటు పోయినా ఏ వరుసా పోదని హెచ్2 కూడా పూర్తి హామీ ఇవ్వదు, కాబట్టి రాస్ప్‌బెర్రీ పైకి చిన్న బ్యాటరీ కూడా పెట్టాను. రాత్రి 2 గంటలకు బ్యాకప్ ఆదేశం జిప్ ఫైలు తయారుచేస్తుంది. నడుస్తున్న ఎంవీ డాట్ డీబీ ఫైలును నేరుగా కాపీ చేయకూడదు. నిన్న ఆ జిప్‌ను లాప్‌టాప్‌లో విప్పి, వరుసల సంఖ్య పై మీది సంఖ్యతో సరిపోయిందని చూసుకున్నాను.

గడియారం సంగతి మిగిలి ఉంది. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. బ్యాటరీ కూడా అయిపోయి పై ఆగిపోతే, తిరిగి లేచాక ఇంటర్నెట్ నుంచి సమయం అందేవరకు పడే వరుసలకు పాత సమయమే చేరుతుంది. డీఎస్3231 గడియారపు మాడ్యూల్ తెప్పించాను, దానిని వచ్చే ఆదివారం బిగిస్తాను.