బోషమ్‌లో నీళ్లెక్కే రోడ్డు

కాఫీ పూర్తయ్యేలోపే షోర్ రోడ్డు మీద ఆపిన ఓ కారు చక్రాలు సగం మునిగాయి! ఇంగ్లండ్‌లో చిచెస్టర్ హార్బర్ ఒడ్డు ఊరు ఈ బోషమ్, సముద్రం పోటెక్కితే ఈ రోడ్డు మీదికి నీళ్లొచ్చేస్తాయి. గుమ్మాలు రోడ్డుకి అంత ఎత్తులో ఎందుకున్నాయో ఇప్పుడర్థమవుతుంది.

జంటగా సరదాగా ఒక్కరోజు వెళ్లొద్దామనుకుంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి, భోజనం సంగతి తర్వాత. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్య, పౌర్ణమి అయిన ఒకట్రెండు రోజులకొచ్చే పెద్ద పోటు ఇక్కడ ఇంచుమించు మధ్యాహ్నానికే వస్తుంది, అంటే అందరూ తినడానికి కూర్చునే టైమ్‌కే. పట్టిక జీఎమ్‌టీలో (గ్రీనిచ్ సమయంలో) ఉంటే వేసవిలో గంట కలపాలి, అప్పుడు అక్కడి గడియారాలు గంట ముందుంటాయి. చాలామంది మర్చిపోయేది ఇదే.

కారు ఊళ్లోని పార్కింగ్‌లోనే పెట్టేయండి. ఉప్పునీళ్లు తగిలితే బ్రేకులు తుప్పు పడతాయి. నీళ్లు తీశాక రోడ్డు మీద నాచు మిగులుతుంది, చెప్పులతో జారుతుంది.