లెక్క ఎక్కడ ఆగింది?

మాది 2013 మార్చి పదో తరగతి బ్యాచ్. అప్పట్లో లెక్కలకు రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులకు. హాఫ్ ఇయర్లీలో మా క్లాసులో సగం మందికి రెండూ కలిపినా 35 రాలేదు. "మాకు లెక్కలు రావు" అని మేం అనేసుకున్నాం. ఇళ్లలోనూ అదే ఖాయం చేసేశారు.

సంక్రాంతి సెలవులయ్యాక లెక్కల మాస్టారు ఆ పేపర్లన్నీ మళ్లీ తెమ్మన్నారు. సాయంత్రం బడి వదిలాక ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి లైను లైనూ చదివించారు. సరిగ్గా ఉన్న ప్రతి స్టెప్పుకీ ఎర్ర ఇంకుతో టిక్కు, తప్పిన చోట ఓ గీత. నా పక్కన కూర్చునే అమ్మాయి వర్గ సమీకరణం లెక్కలో నాలుగు టిక్కులు పడ్డాయి. ఐదో లైన్లో మైనస్ గుర్తు ఎగిరిపోయింది. "ఇక్కడిదాకా వచ్చావు కదమ్మా, ఆగింది ఇక్కడే" అన్నారు మాస్టారు. పబ్లిక్‌లో స్టెప్పులకూ మార్కులుంటాయని అప్పుడే చెప్పారు. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని మడిచి లెక్కల పుస్తకంలో దాచుకుంది. మర్నాటి నుంచి తనే ముందొచ్చి ముందు బెంచీలో కూర్చునేది.

బాగా చదివేవాళ్లకు ఆయన చూపించిన దారి వేరు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు మన పక్కనే నూజివీడులోనూ ఉన్నాయి. అప్పట్లో ఎంట్రన్సు ఉండేది కాదు, పదో తరగతి గ్రేడు పాయింట్లే లెక్క. ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా 0.4 కలిపేవారు. బోర్డు మూల 9.3 + 0.4 = 9.7 అని రాసి, పరీక్షలయ్యేదాకా చెరపనివ్వలేదు. కోచింగ్ మాటే తెలియని మాకు ఆ అంకె ఎంత ధైర్యమో చెప్పలేను.

"కష్టపడితే సాధించలేనిది లేదు" అని ప్రతి ఆగస్టు 15కీ వినేవాళ్లం. మంచి మాటే, కానీ పుస్తకం తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో దాంతో తెలిసేది కాదు. నేను టీచరయ్యాక అమెరికా సైకాలజిస్టు సి.ఆర్. స్నైడర్ గురించి చదివాను. ఆశ అంటే గమ్యం ఒక్కటే కాదు, దారి కనబడాలి, నడవగలనన్న నమ్మకమూ ఉండాలంటాడాయన. చదువుతుంటే మాస్టారే కళ్ల ముందు మెదిలారు.

ఏటా మన బడి పూర్వ విద్యార్థులం ఫస్టు వచ్చినవాళ్లకు బహుమతులిస్తున్నాం. వాటితోపాటు హాఫ్ ఇయర్లీ నుంచి ప్రీఫైనల్‌కు ఎక్కువ మార్కులు పెంచుకున్న పిల్లలకూ ఒకటి పెడదాం. మొదటి ఏడాది ఖర్చు మా బ్యాచ్‌ది.