ఏ శాఖకూ చెందని ఫైలు: తిరుపతిలో నా అనుభవం

మా పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న అమ్మాయికి నెలల తరబడి ఆగిపోయిన ఫెలోషిప్ బకాయి నిన్న ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. వైద్యులు, జీవశాస్త్రవేత్తలు, ఇంజినీర్లు కలిసి పనిచేసే కేంద్రం పెట్టాలనుకునేవాళ్లు చదవాలి.

ఇలాంటి కేంద్రానికి తిరుపతిని మించిన చోటు మన రాష్ట్రంలో లేదని నా గట్టి నమ్మకం. స్విమ్స్ అనే పెద్దాసుపత్రి, రుయా ఆసుపత్రి, 1954 నుంచి ఉన్న వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. శ్రీకాళహస్తి బస్సెక్కి ఏర్పేడులో దిగితే 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు చదువులకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ ఉన్నాయి. మనుషులు కలవడానికి దూరం అడ్డు కాదు. అడ్డుపడేది కాగితాలు.

మేం పనిచేసేది మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతినడం మీద. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రంలో బయటికి పోయే వ్యర్థ పదార్థం) అల్బుమిన్ అనే ప్రొటీన్ 30 మిల్లీగ్రాములు దాటడం తొలి హెచ్చరిక. అప్పటికి రోగికి ఏ బాధా ఉండదు. మూత్రంలో ముంచితే రంగు మారే మామూలు పట్టీతో చేసే పరీక్షకు ఆ కాస్త అల్బుమిన్ చాలాసార్లు దొరకదు. దాన్ని పసిగట్టే ప్రత్యేకమైన పట్టీలు ఉన్నాయి గానీ, రంగును కంటితో పోల్చి చెప్పాలి. ఒకరికి లేతగా కనిపించింది ఇంకొకరికి ముదురుగా కనిపిస్తుంది. నేను మొదట చెప్పిన అమ్మాయి చదివింది ఎలక్ట్రానిక్స్. పైన ఫోను, లోపల పట్టీ, ఎప్పుడూ ఒకే వెలుగు ఉండేలా చిన్న నల్లపెట్టె తయారు చేసింది. అంతకుముందు కిటికీ తలుపు తీస్తే చాలు, ఫొటోలో రంగు మారిపోయేది. ఆ పెట్టె వచ్చాక మా కొలతలు నిలకడగా వస్తున్నాయి.

రోగుల మీద చేసే పరిశోధనను ముందుగా పరిశీలించే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతికి పెద్దగా ఇబ్బంది పడలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ముందే చదువుకుని, రోగికి ఇచ్చే సమ్మతి పత్రాన్ని నేనే తెలుగులో రాశాను. సంఘంలో సామాన్య ప్రజల తరఫున ఉన్న సభ్యురాలు అది చదివి మెచ్చుకున్నారు. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ ద్వారా కాస్త ఆలస్యంగానైనా వచ్చింది.

అసలు కథ జీతం దగ్గర మొదలైంది. ప్రకటన ఇచ్చాం, ఎంపిక కమిటీ కూర్చుంది, అమ్మాయి చేరింది. నెలాఖరుకు డబ్బు రాలేదు. అకౌంట్స్ విభాగం నుంచి ఫైలు రెండు అభ్యంతరాలతో తిరిగొచ్చింది. మొదటిది, ఈమె ఏ శాఖ? వాళ్ల జాబితాలో శాఖల పేర్లే ఉన్నాయి, మా కేంద్రం పేరు లేదు. జీవరసాయన శాఖను అడిగితే ఇంజినీరు మా మనిషి కాదన్నారు. వైద్య శాఖ వాళ్లు ప్రాజెక్టు మీ పేరు మీదే ఉంది కదా అన్నారు. రెండోది, వైద్య పరిశోధనకు ఇంజినీరింగ్ డిగ్రీ ఎలా చెల్లుతుంది?

దీనికి జవాబు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2023 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్)కు నెలకు 37,000 రూపాయలు నిర్ణయించిన ఉత్తర్వు అదే. ఇంజినీరింగ్ వంటి ప్రొఫెషనల్ కోర్సు చదివి, గేట్ వంటి జాతీయ స్థాయి పరీక్ష ద్వారా వచ్చినవాళ్లు అర్హులని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి జతచేశాను. ఫైలు అదే అభ్యంతరంతో మళ్లీ వచ్చింది. చదివినవాళ్లు లేరు.

చివరికి అమ్మాయిని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. అధికారి నాకు కుర్చీ చూపించారు. ఆమెను నిలబెట్టే ఉంచారు, ముఖం వైపైనా చూడలేదు. "ఇంజినీరింగ్ చదివిన పిల్లకు మూత్రం సీసాలతో పనేమిటి మేడం? మీకు తెలిసినవాళ్ల అమ్మాయా?" అన్నారు. గదిలో గుమాస్తాలు అందరూ తలెత్తారు. పలమనేరు దగ్గర పల్లె నుంచి గేట్ రాసి, సొంత తెలివితో వచ్చిన పిల్ల. హాస్టల్ బకాయికి ఇంట్లో అప్పు చేయించి నా దగ్గర పనిచేస్తోంది. చేతిలోని సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

నేను గొంతు పెంచలేదు. "ఎంపిక కమిటీ కాగితం తీయండి. అందులో మీ విభాగం ప్రతినిధి సంతకం ఉంది" అన్నాను. ఆయన పేజీలు తిప్పారు. సంతకం కనిపించింది. "పైవాళ్లను అడగాలి" అని ఫైలు మూసేశారు. క్షమాపణ మాట రాలేదు. మా ప్రాజెక్టులో ఆ ఏటి సొమ్ము మార్చి 31 లోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. ఆ భయంతో ఒకే పేజీలో విషయమంతా రాసి సంస్థ అధిపతికి నేరుగా ఇచ్చాను. మా పరిశోధన కేంద్రం నియామకాలన్నీ పరిశోధన డీన్ పరిధిలోకి వస్తాయని ఆయన లిఖితంగా ఆదేశించారు. ఆ కాగితం చూపించగానే అభ్యంతరాలు రెండూ మాయమయ్యాయి.

కాబట్టి మొదటి నియామకానికి ముందే మీ కేంద్రం ఎవరి పరిధిలో ఉందో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఫైలు ఇచ్చిన ప్రతిసారీ అది అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటను నమ్మకండి. మీ దగ్గర పరిశోధన చేసే పిల్లల చేత ఫైళ్లు మోయించకండి. వాళ్లను ఆ గదులకు ఒంటరిగా పంపే పెద్దలంటే నాకు గౌరవం లేదు. యువ శాస్త్రవేత్తలు దేశం విడిచిపోతున్నారని సభల్లో బాధపడేవాళ్లు ఒక నెల ఫెలోషిప్ సమయానికి ఇప్పించి చూడాలి.

మా దగ్గర పని మొదలయ్యే ముందే పరిశోధన పత్రంలో ఎవరి పేరు ఏ వరుసలో వస్తుందో రాసుకుని అందరం సంతకం పెడతాం. పనిచేయకుండా పేరు అడిగిన పెద్దలకు ఇద్దరికి నేనే కాదని చెప్పాను. మా ఇంజినీర్లు వారానికి ఒక ఉదయం ఓపీలో కూర్చుంటారు. డాక్టర్లు ల్యాబుకు వచ్చి నమూనాల మీద చీటీలు తామే అంటిస్తారు. మామూలు పెన్నుతో రాసిన చీటీ ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుందని, ఒక రోగి వివరం అలా పోతే తిరిగి రాదని అప్పుడే అర్థమవుతుంది.

ఈ వారం మరో ఫైలు పెట్టాను. అకౌంట్స్ జాబితాలో మా కేంద్రానికి సొంత కోడ్ ఇవ్వాలని అడిగాను. వచ్చే నెల ఒక గణాంక శాస్త్రవేత్త చేరుతున్నాడు, అతని మొదటి జీతం ఆగకూడదు. ఇన్‌వార్డ్ నంబరు వేయించాను.