లేబుల్ మీద పేరు

మందు డబ్బా మీద అంటించే లేబుల్లో పైన పేషెంట్ పేరు ఉంటుంది. మధ్యలో మందు పేరు, ఎన్ని మాత్రలు, ఎప్పుడెప్పుడు వేసుకోవాలి అన్నది ఉంటుంది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, రాసిచ్చిన డాక్టర్ పేరు. ఇరవై ఏళ్ళుగా ఈ లేబుళ్ళు అంటిస్తున్నాను. ఆ కింది పేరు చదివేవాళ్ళు చాలా తక్కువ. ఒక్క పేరు విషయంలో తప్ప నేనూ ఎప్పుడూ దాని గురించి ఆగి ఆలోచించలేదు.

వరంగల్‌లో బీఫార్మసీ చదివి, పెళ్ళయ్యాక 1999లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వచ్చాను. లైసెన్సు కోసం పరీక్షలన్నీ మళ్ళీ రాసి, 1500 గంటల ఇంటర్న్‌షిప్ చేసి, కౌంటర్ దగ్గర నిలబడేసరికి ఐదేళ్ళు పట్టింది. (2003 నుంచి పాసైనవాళ్ళకి ఐదేళ్ళ కోర్సు ఉంటేనే ఆ పరీక్షకి అర్హత. నా తర్వాత వచ్చిన అమ్మాయిలు చాలామంది నాలుగేళ్ళ డిగ్రీతో ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ బాధ నాకింకా ఉంది.) నేను పనిచేసేది మోనాంగహేలా నది ఒడ్డున, ఒకప్పుడు స్టీల్ మిల్లుల మీద బతికిన ఊళ్ళో. నది వెంబడి కొంచెం ముందుకెళ్తే బ్రాడక్‌లో మిల్లు ఇంకా నడుస్తోంది. హోమ్‌స్టెడ్ మిల్లు మాత్రం 1986లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు షాపులు, సినిమా హాలు ఉన్నాయి. పాత పొగగొట్టాలు మాత్రం వరసగా అలాగే నిలబడి ఉన్నాయి. పని పోయాక వయసులో ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి నడుం నొప్పులు, నొప్పి మాత్రలు మిగిలాయి. వాటి వెనకే హెరాయిన్ వచ్చింది, ఆ తర్వాత అంతకంటే బలమైన ఫెంటానిల్ వచ్చింది.

మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని వెనక్కి తెచ్చే మందు పేరు నాలోక్సోన్. ముక్కులో కొట్టే స్ప్రేగా వస్తుంది. 2015లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో దానికి స్టాండింగ్ ఆర్డర్ ఇచ్చారు. అంటే రాష్ట్రం మొత్తానికీ కలిపి ఒకటే ప్రిస్క్రిప్షన్. ఎవరైనా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా నేరుగా మా దగ్గరికి వచ్చి అడగొచ్చు. దాని మీద సంతకం పెట్టింది అప్పటి రాష్ట్ర ఫిజీషియన్ జనరల్ (రాష్ట్రానికి పెద్ద డాక్టర్ లాంటి పదవి), పిల్లల డాక్టర్ రేచల్ లెవీన్. అందుకని ఆ డబ్బాల లేబుళ్ళ కింద ఆవిడ పేరే పడేది.

2016 చలికాలంలో ఒక పెద్దాయన వచ్చి ఆ స్ప్రే అడిగాడు. అడగడానికి చాలాసేపు పట్టింది. ముందు దగ్గు మందు చూశాడు, తర్వాత బ్యాటరీలు చూశాడు. చివరికి లైన్లో ఎవరూ లేనప్పుడు వచ్చి గొంతు తగ్గించి "మా అబ్బాయి కోసం" అన్నాడు. ఎలా కొట్టాలో చూపించాను. తల వెనక్కి వంచాలి, ముక్కులో చివరిదాకా పెట్టి ఒకేసారి నొక్కాలి, వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. మూడు వారాలకి మళ్ళీ వచ్చి, రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించి, "ఇంకోటి కావాలి" అన్నాడు. గ్యారేజీలో నీలంగా పడి ఉన్నాడట కొడుకు. ఇప్పుడు బాగున్నాడట. ఆ ఎండాకాలం పెరట్లో కాసిన టమాటాలు కాగితం సంచీలో తెచ్చిచ్చాడు. ప్రతి ఏడూ తెచ్చేవాడు.

2020లో ఆ లెవీన్ గారే రాష్ట్ర ఆరోగ్య కార్యదర్శి. కరోనా లెక్కలు చెప్పడానికి రోజూ టీవీలో కనిపించేవారు. ఆవిడ ట్రాన్స్‌జెండర్ మహిళ. మాస్కు పెట్టుకోమని ఆవిడ చెప్పినందుకు వచ్చిన కోపమంతా ఆవిడ పుట్టుక మీదికి, ఒంటి మీదికి మళ్ళింది. ఒక ఊరి జాతరలో ఆవిడలా వేషం కట్టిన మనిషిని నీళ్ళ తొట్టిలో ముంచే ఆట పెట్టుకుని నవ్వుకున్నారు. మా కౌంటర్ దగ్గర కూడా అవే మాటలు. ఒకరోజు ఆ పెద్దాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని అన్నాడు: "గౌను తొడుక్కున్న మగాడు చెప్తే నేను వినాలా?" వెనక లైన్లో ఇద్దరు నవ్వారు.

నా చేతిలో ఆయన బీపీ మాత్రలున్నాయి. ట్రేలో ఐదేసి చొప్పున లెక్కపెడుతున్నాను. నీ కొడుకుని బతికించిన డబ్బా మీద ఆవిడ పేరే ఉంది అన్న మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. లైన్లో జనం ఉన్నారని, డ్యూటీలో రాజకీయాలు మాట్లాడకూడదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. ఆ ఒక్క మాటతో ఆయన నన్ను టమాటాలిచ్చే మనిషి వైపు నుంచి తీసి అవతలి వైపు పెట్టేస్తాడని.

ఇక్కడ నన్ను కలచివేసేది ఇదే. మనిషి ఏం చేశాడో చూడకముందే ఎవరి మనిషో చూస్తారు. మాస్కు, ట్రక్కు, వెళ్ళే చర్చి, చూసే టీవీ ఛానల్, అన్నీ గుర్తులైపోయాయి. రిపబ్లికన్లకి ఎరుపు, డెమొక్రాట్లకి నీలం అన్న రంగులు స్థిరపడిందే 2000 ఎన్నికల టీవీ మ్యాపుల తర్వాత. నేను వచ్చాక పుట్టిన సంగతది. ఇప్పుడు పుట్టుమచ్చల్లా చూస్తున్నారు. సిటిజన్‌షిప్ వచ్చాక ఓటరు ఫారం నింపుతుంటే అందులో పార్టీకి ఒక గడి ఉంది. ఈ రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో ఓటెయ్యాలంటే ఆ గడి నింపాల్సిందే. ఇండియాలో మా ఊళ్ళో కూడా ఏ ఇల్లు ఏ పార్టీయో అందరికీ తెలుసు. కానీ సర్కారు కాగితం మీద మనమే రాసి సంతకం పెట్టడం నాకు కొత్త. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

2016 ఎన్నికల్లో ట్రంప్ ఈ రాష్ట్రాన్ని సుమారు 44 వేల ఓట్లతో గెలిచాడు. 2020లో బైడెన్ 80 వేలతో, 2024లో మళ్ళీ ట్రంప్ లక్షా ఇరవై వేలతో. అరవై, డెబ్బై లక్షల ఓట్లు పోలైన చోట ఈ తేడా ఎంత? మా వీధిలో పక్కపక్క ఇళ్ళ తేడా. ఎదురింటాయన పచ్చికలో ట్రంప్ బోర్డు పెట్టిన రోజు నుంచి నేను ఆయన్ని చూసి చెయ్యి ఊపడం తగ్గించాను. మేం కొత్తగా ఆ ఇంట్లో దిగిన మొదటి చలికాలం, మా ఆయన ఊళ్ళో లేనప్పుడు, తెల్లారి ఐదింటికి మా వాకిట్లో మంచు తీసిపెట్టింది ఆయనే. అది మర్చిపోయి బోర్డు చూశాను. ఈ దేశం నాకు నేర్పిన పాడు అలవాటు అనుకున్నాను కొన్నాళ్ళు. కానీ ఎవరి ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టే ఊరి నుంచి వచ్చినదాన్ని. విద్య పాతదే.

భయం లేదని కూడా అనలేను. 2000 ఏప్రిల్ 28, శుక్రవారం. నేను వచ్చి ఏడాది కూడా కాలేదు. స్కాట్ టౌన్‌షిప్‌లో మేం కరివేపాకు, కందిపప్పు కొనుక్కునే కిరాణా కొట్లోకి ఒకడు తుపాకీతో వచ్చాడు. అంతకుముందే తన పక్కింటి యూదు మహిళని చంపి వచ్చాడు. కొట్లో ఒక భారతీయుణ్ణి చంపాడు. ఇంకో కుర్రాడికి మెడ కింద చచ్చుబడిపోయింది, 2007లో అతనూ పోయాడు. అక్కణ్ణుంచి వెళ్ళి ఇద్దరు ఆసియావాళ్ళని, ఒక నల్లజాతి మనిషిని చంపాడు. వాడు లాయరు, అదీ ఇమిగ్రేషన్ లాయరు. అమ్మానాన్నలు లాత్వియా నుంచి వలస వచ్చినవాళ్ళు. 2018 అక్టోబర్ 27న స్క్విరెల్ హిల్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ యూదు ప్రార్థనా మందిరంలో 11 మందిని చంపినవాడు కూడా శరణార్థులకు సాయం చేసే యూదు సంస్థ మీద కసి పెంచుకున్నవాడే. ఆ వారం ఊరి ముస్లింలు బాధిత కుటుంబాల కోసం రెండు లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. కాల్పుల మర్నాడు పిట్స్‌బర్గ్‌లోనే ఓక్‌లాండ్ పేటలో సంతాప సభకి వెళ్ళాను. హాలు నిండిపోతే జనం బయట వానలో నిలబడ్డారు. అందులో నీలం ఎవరో, ఎరుపు ఎవరో నేను చూడలేదు. చూడాలని తోచలేదు.

నా స్నేహితురాలు గుంటూరమ్మాయి, నర్సు, లూథరన్ క్రైస్తవురాలు. ఆమె కష్టం వేరు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడిలో ఉగాదికి అందరం పులిహోర తింటూ ఉంటే, తనని పిలవాలా వద్దా అని మనవాళ్ళు గుసగుసలాడతారు. చర్చికి వెళ్తే అక్కడివాళ్ళు ఆప్యాయంగానే అడుగుతారట, "ఎప్పుడు మతం మారావు?" అని. వాళ్ళకి భారతీయులంటే హిందువులే. 1842లో గుంటూరు వచ్చి బడులు పెట్టిన ఫాదర్ హయ్యర్‌ని పంపింది ఈ పెన్సిల్వేనియా లూథరన్లే. అంతకుముందు ఆయన ఈ పిట్స్‌బర్గ్‌లోనే పాస్టర్‌గా చేశాడు. "మా తాత ముత్తాతలది మీ చర్చేనండీ" అని చెప్తే ఆశ్చర్యపోతారట. అటు గుడిలోనూ ఇటు చర్చిలోనూ తనే లెక్క చెప్పుకోవాలి.

ఉషా చిలుకూరి వాన్స్ విషయంలోనూ అదే జరిగింది. 2024లో భర్త ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తుంటే ఆమె పేరు వినగానే ఆమె పూర్వీకుల ఊరు వడ్లూరులో సంబరం చేసుకున్నారు. మా వాట్సాప్ గ్రూపులో స్వీట్ల బొమ్మలు పెట్టారు. 2025 అక్టోబర్‌లో ఆమె భర్త, దేశ ఉపాధ్యక్షుడు, తన భార్య కూడా ఏదో ఒకరోజు క్రైస్తవంలోకి వస్తే బాగుంటుందని వేలమంది ముందు అన్నాడు. అదే గ్రూపు రెండుగా చీలింది. ఆ రెండింట్లోనూ ఆమెకి ఏమనిపించి ఉంటుందని అడిగినవాళ్ళు లేరు.

అంతకు నెల ముందే కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఊరికెళ్ళిన పిల్లలు టెన్షన్‌తో రాత్రికి రాత్రి ఫ్లైట్లెక్కారు. ఆ వారం ఆ పెద్దాయన మందులకి వచ్చి నిజంగానే బెంగపడుతూ అడిగాడు: "నీకేం ఇబ్బంది లేదు కదా? నువ్వు వాళ్ళలాంటి దానివి కాదులే. మా మనిషివి."

మా మేనల్లుడు ఆ ఫ్లైట్లలో ఒకదాంట్లో ఉన్నాడు. నేను వాళ్ళలాంటి దాన్నే అన్నాను. లైన్లో ఎవరూ లేరు. అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగాను. బాగున్నాడు, పని చేసుకుంటున్నాడు అన్నాడు. స్ప్రే ఎక్కడ పెట్టారంటే ట్రక్కులో అన్నాడు. అక్కడ పెట్టకూడదు, ఎండకి చలికి మందు పాడవుతుంది, ఎప్పుడో గడువు కూడా అయిపోయుంటుంది, తెచ్చివ్వండి, కొత్తది ఇస్తాను అన్నాను. వెళ్ళి తెచ్చాడు. అంచులు నలిగిన డబ్బా. లేబుల్ పసుపెక్కింది, అక్షరాలు మాత్రం ఇంకా చదవొచ్చు. దాన్ని ఆయన వైపు తిప్పి, కింది వరస మీద వేలు పెట్టాను.

కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. "వేరే లెవీన్ అయ్యుంటుంది" అన్నాడు.

"కాదు. ఆవిడే."

ఆయన ఏమీ అనలేదు. నేను కొత్త డబ్బాకి లేబుల్ అంటించి, సంచీలో పెట్టి ఇచ్చాను. పాతది పారేస్తానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. దాన్ని చదునుగా నొక్కి, కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.