కోర్ సంగతి తేలింది, మొదటి రెక్క అతికింది

హాలుకీ వసారాకీ మధ్య పెట్టబోయే స్లైడింగ్ తలుపుకి రెండు రెక్కలు, ఒక్కోటి 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. అంత పలక వంకర పోకుండా నిలబడాలంటే మందం ఉండాలి కాబట్టి 33 మి.మీ. అనుకున్నాను. ఆ మందమంతా ప్లైవుడ్‌తోనే కడితే ఒక్క రెక్క 60 కిలోల దాకా తూగుతుంది, ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు నొక్కి చేసిన పలక) అయితే 70 దాటుతుంది. పైన రోలర్ల మీద వేలాడే తలుపుకి అంత బరువు అనవసరం. అందుకే రెండు వైపులా 4 మి.మీ. ప్లై, మధ్యలో 25 మి.మీ. తేలిక సరుకు, దాన్నే కోర్ అంటారు.

పలక వంగినప్పుడు ఒక ముఖం సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది, ఆ బలం పడేది పై ప్లైల మీదే. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారకుండా, దగ్గరికి రాకుండా పట్టుకుంటే చాలు, మధ్యదాని పని అయిపోయినట్టే. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో కోల్డ్ రూములకి గోడలుగా నిలబెట్టే పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య నురగ) ఇదే లెక్క. 1940లో మొదటిసారి ఎగిరిన మస్కిటో యుద్ధవిమానంలో కూడా బర్చ్ ప్లై మధ్య బల్సా చెక్కే.

ఒక్కో రకం కోర్‌తో చిన్న నమూనా ముక్కలు చేసి వానాకాలమంతా వసారాలో ఉంచి చూశాను. కాగితపు తేనెపట్టు కోర్ ఎండలో భలే గట్టిగా ఉంటుంది, ఫ్లష్ డోర్లలో వాడతారు కూడా, కానీ అంచు దగ్గర ఏ మాత్రం సందు దొరికినా కోనసీమ చెమ్మకి మెత్తబడుతుంది, పైగా పల్చటి ప్లై వేస్తే గళ్ల అచ్చు పైకి కనిపిస్తుంది. మామూలు థర్మాకోల్ చవక, కానీ వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, ప్లై లాగితే పూసలు పూసలుగా ఊడొస్తుంది. మలబారు వేప పట్టీలు మంచివే గానీ బరువు మళ్లీ పెరుగుతుంది, చెదల భయం ఒకటి. చివరికి ఎక్స్.పి.ఎస్. షీటే, అంటే గట్టి పాలీస్టైరీన్ ఫోమ్ పలకే, ఎంచుకున్నాను. దాని లోపలి సన్న గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు పీల్చడం చాలా తక్కువ. ఒక్క విషయం, ఇది నురగ, నిప్పంటుకుంటుంది, వంటింటి తలుపుకి మాత్రం నేను పెట్టను.

అసలు తేడా అంతా జిగురులో ఉంది. తెల్ల ఫెవికాల్ ఆరాలంటే అందులో నీరు బయటికి పోవాలి, ఒక పక్క ఫోమ్ ఉంటే పెద్ద పలక మధ్యలో అది రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. సన్‌మైకాకి రాసే రబ్బరు జిగురులో ఉండే సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. ఎపాక్సీ లేదా పాలీయురేథేన్, ఈ రెండే నమ్మదగ్గవి. నేను పాలీయురేథేన్ తీసుకున్నాను, అది గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, మన దగ్గర తేమకి కరువేముంది! షీటు నున్నటి పై పొరని 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచాకే రాయాలి. ఈ జిగురు పొంగుతుంది కాబట్టి బరువు గట్టిగా పెట్టాలి, అంచులకి క్లాంపులు, మధ్యలో బియ్యం బస్తాలు పరిచాను. కింద నేల చదునుగా ఉందో లేదో ముందే నూలు దారం లాగి చూసుకోవాలి, ఎందుకంటే అతికేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే జీవితాంతం అదే ఆకారం.

రెండు ముఖాలూ ఒకే పూట అతికించాను. హాలు వైపు ఏసీ, వసారా వైపు చెమ్మ, రెండు ముఖాలు సరిసమానంగా లేకపోతే తలుపు విల్లులా తిరుగుతుంది. అందుకే ఒక వైపు లామినేట్ వేస్తే రెండో వైపు కూడా అదే మందం వేయాల్సిందే.

ఫోమ్‌లో స్క్రూ నిలవదు. చుట్టూ, నడుమ అడ్డంగా 40 మి.మీ. వెడల్పు టేకు పట్టీలు, రోలరు బ్రాకెట్ల దగ్గర, చేతిపిడి దగ్గర, కింద గైడు దగ్గర గట్టి చెక్క దిమ్మలు పెట్టాను. అవి ఎక్కడున్నాయో అతికించక ముందే ఫోటో తీసి, అంచు నుంచి కొలతలు రాసుకున్నాను. పట్టీలకీ ఫోమ్‌కీ మందంలో అర మి.మీ. తేడా ఉన్నా ప్లై మీద గీతలా కనిపిస్తుంది, చిత్రిక పట్టి సరిచేసుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది.

రెక్క జిగురుతో కలిపి 24 కిలోల దగ్గర తూగింది, ఒక్కణ్ణే లేపి గోడకి ఆనించాను, చాలా సంతోషంగా ఉంది. ఇక అంచులకి టేకు బీడింగ్, కింద అంచుకి రెండు పూతలు ఎపాక్సీ. రెండో రెక్కకి షీటు రాజమండ్రి నుంచి రావాలి.