బిడ్డ పోయాక నన్ను కూర్చోబెట్టుకున్న అక్కలు

ఏడో నెలలో మా పాప కడుపులోనే పోయింది. అట్లాంటాలో మా తెలుగు ఫెలోషిప్ వాళ్లు వంతులేసుకుని వండి పెట్టారు, ప్రార్థన చేశారు, వాళ్ల ప్రేమకు నేను వంక పెట్టను. కానీ ప్రతి ప్రార్థనా "దేవుని చిత్తం, ఇక ఏడవకమ్మా" దగ్గరే ఆగేది. నేను నర్సుని. నాతో డ్యూటీ చేసే ఒక నల్లజాతి అక్క నా వాలకం చూసి, గురువారం సాయంత్రాలు మా చర్చిలో ఆడవాళ్లం కూర్చుంటాం, మాట్లాడకపోయినా ఫర్వాలేదు, రమ్మంది.

అది ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి. తెల్లవాళ్లతో పాటు మోకరించనివ్వని చోటు నుంచి లేచి వచ్చేసిన రిచర్డ్ అలెన్, ఆయన తోటివాళ్లు 1816లో ఫిలడెల్ఫియాలో కట్టుకున్న సంఘం. గుంటూరు జిల్లా మాలపల్లెలో చర్చి నీడన పెరిగినదాన్ని, ఆ చరిత్ర నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చర్చి కింద హాల్లో గుండ్రంగా కుర్చీలు, మధ్యలో టిష్యూ డబ్బా. తెల్ల గౌను వేసుకున్న పెద్దావిడ, అందరూ మదర్ అని పిలుస్తారు, ముందే వచ్చి కూర్చునేది. అక్కడి పద్ధతి ఏంటంటే, ఎవరు ఏడ్చినా ఆపకూడదు, అడగకుండా సలహా ఇవ్వకూడదు, బైబిల్ వాక్యం చెప్పి నోరు మూయించకూడదు. ఈ మూడోది విన్నప్పుడు నాకు ఊపిరాడినట్టయింది.

ఒక అక్క (ఆమె రాయమంటేనే రాస్తున్నా) కాన్పయ్యాక తల పగిలిపోతోంది, కళ్లు మసకేస్తున్నాయి అని పదే పదే చెప్పినా, టెన్షన్ పడుతున్నావని ఇంటికి పంపేశారట. బీపీ పెరిగి ఇంట్లో ఫిట్స్ వచ్చి, చావు అంచుదాకా వెళ్లొచ్చింది. అమెరికాలో 2023 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు 50 మంది చనిపోతుంటే, తెల్లజాతి తల్లులు 14 మందికి కాస్త పైన. నర్సుగా ఆ అంకెలు నాకు ముందే తెలుసు, కానీ ఆ అంకెల్లో ఒకరిగా మిగిలిపోవాల్సిన మనిషి పక్క కుర్చీలో కూర్చుని చెబుతుంటే వినడం వేరు. "నువ్వు స్ట్రాంగ్, తట్టుకుంటావ్ అని చిన్నప్పటి నుంచీ అంటుంటే, నా నొప్పి నేనే నమ్మడం మానేశాను" అంది. మన ఇళ్లలోనూ ఆడపిల్లకు చెప్పేది ఇదే కదా, ఓర్చుకోమని.

వాళ్లు బైబిల్లోని హాగరును తమ మనిషిగా చదువుతారు. బానిస, గర్భిణి, అరణ్యంలో ఒంటరిది, అయినా దేవుడికే 'నన్ను చూసేవాడు' అని పేరు పెట్టిన స్త్రీ. మనం ఆదివారం బడిలో ఆ అధ్యాయాన్ని ఆమె యజమానురాలు శారా వైపు నుంచే చెప్పుకుంటాం.

గ్రూపు నడిపేది లైసెన్స్ ఉన్న కౌన్సెలర్, ఆవిడా నల్లజాతి స్త్రీనే. థెరపీకి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదని ఆవిడ మొదటే తేల్చి చెప్పింది, నిద్ర అసలు పట్టని నన్ను విడిగా థెరపిస్టు దగ్గరికి పంపింది. 13వ కీర్తన వరసలో ఎవరి మొర వాళ్లు రాసుకోమంది: ముందు దేవుణ్ణి పిలవడం, తర్వాత ఫిర్యాదు, తర్వాత అడగాల్సింది అడగడం, చివర నమ్మకం. నేను తెలుగులో రాశాను. ఫిర్యాదే రెండు పేజీలొచ్చింది. నమ్మకం దగ్గర చెయ్యి ఆడలేదు. మదర్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఖాళీగా ఉంచు బేబీ, అప్పటిదాకా నీ వంతు మేం నమ్ముతాం" అంది. ఆ రాత్రి పాప పేరు మొదటిసారి అందరి ముందు పైకి పలికాను, వాళ్లూ నాతో పాటు పలికారు, పలకడం రాకపోతే మళ్లీ అడిగి మరీ సరిచేసుకున్నారు.

ఏడుపు పూర్తిగా పోలేదు. నిద్ర పడుతోంది, డ్యూటీకి వెళ్తున్నా. ఏప్రిల్‌లో నల్లజాతి తల్లుల ఆరోగ్య వారంలో, ఆరాధన అయ్యాక గర్భిణులకు, బాలింతలకు బీపీ చూసే పని నాకు అప్పజెప్పారు. తలనొప్పి తగ్గట్లేదని ఎవరైనా అంటే, కాన్పయ్యాక ఫిట్స్ వచ్చిన ఆ అక్కే లేచి, వాళ్లతో పాటు ఆస్పత్రికి వెళ్తుంది.